పలాసలో కరెంటు పోతే దేశ భద్రతకేమైంది?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఆ తర్వాత వారం పది రోజులు శ్రీకాకుళం జిల్లాలో పలాస చుట్టుపక్కల ఉన్న ఉద్దానం ప్రాంతంలో దేనికి ఎక్కువ గిరాకీ ఉండేదని అక్కడివాళ్లని అడిగితే చాలామంది జనరేటర్ అనే చెబుతారు. కరెంటు స్తంభాలు వేలల్లో పడిపోయాయి. బోర్లు ఆగిపోయాయి. సెల్‌ఫోన్లు చచ్చిపోయాయి. మా బంధువుల ఊళ్లో పెళ్లిళ్లకు షామియానాలు వేసే టెంట్ హౌస్ ఆయన తన జనరేటర్‌ని ట్రాక్టర్ మీద ఎక్కించుకుని వీధి వీధీ తిరిగాడు. మోటారు ఆడించి ఇంటి ట్యాంకు నింపితే ఒక రేటు, సెల్లు చార్జింగ్ పెడితే ఒక రేటు. తిట్టుకున్నవాళ్లున్నారు, దణ్ణం పెట్టినవాళ్లున్నారు. ఎక్కువమంది రెండూ చేశారు.

ఆ ఊళ్లో ఎవరికి ఏం తెలుసో ఒకసారి చూడండి. జనరేటర్ ఎవరి దగ్గరుందో, ఎంత డీజిల్ తాగుతుందో టెంట్ హౌస్ ఆయనకి తెలుసు. కలెక్టరేట్‌కి తెలీదు. ఏ ఇంట్లో డయాలసిస్ రోగి ఉన్నాడో ఆశా కార్యకర్తకి తెలుసు. టెంట్ హౌస్ ఆయనకి తెలీదు. ఏ బోరుకి ఎంత సామర్థ్యమున్న జనరేటర్ కావాలో, ఊరంతటికీ కలిపి రోజుకెంత డీజిల్ అవుతుందో అరగంటలో లెక్కగట్టగల పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఉన్నారు. వాళ్లకి తుపాను సెలవులిచ్చి ఇంటికి పంపేశారు.

ఈ వ్యాసం ఆ సెలవుల గురించి.

దేశ భద్రత అనగానే మనకి సరిహద్దు, జవాను, క్షిపణి గుర్తొస్తాయి. సైన్యానికి పిల్లల్ని పంపిన ఊళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఉన్నాయి కాబట్టి అది సహజమే. పాతతరానికి ఇంకో అర్థం కూడా తెలుసు. 1960ల చివర ఏజెన్సీలో సాయుధ పోరాటం నడిచినప్పుడు భద్రత అంటే పోలీసు క్యాంపు. కానీ చాలా దేశాల్లో కొన్ని దశాబ్దాలుగా ఈ మాట పరిధి పెరుగుతూ వచ్చింది. శత్రువు బాంబు వేసినా, తుపాను కొట్టినా, ఎవడో కంప్యూటర్లలో చొరబడినా, విదేశం నుంచి రావాల్సిన ముడిసరుకు ఆగిపోయినా ఆస్పత్రి వార్డులో జరిగేది ఒకటే. లైటు ఆరిపోతుంది, లేదంటే మందు అయిపోతుంది. కారణం ఏదైనా, దెబ్బ తగిలాక ఎన్ని గంటల్లో, ఎన్ని రోజుల్లో మామూలు బతుకు మళ్లీ మొదలవుతుందన్నదే లెక్క. దీన్నే రెసిలియన్స్ అంటున్నారు. మన మాటల్లో నిలదొక్కుకోవడం.

దీనికి చదువు, వ్యాపారం, ప్రభుత్వం మూడూ కలవాలన్న ఆలోచనకి పుస్తకాల్లో ఒక పేరుంది. 1990ల మధ్యలో హెన్రీ ఎట్జ్‌కోవిట్జ్, లోయెట్ లీడెస్‌డార్ఫ్ అనే ఇద్దరు పరిశోధకులు ‘ట్రిపుల్ హెలిక్స్’ అన్నారు. కొబ్బరి పీచుతో తాళ్లు పేనే ప్రాంతంలో దాన్ని మూడు పాయల తాడు అంటే చాలు. నిజానికి వాళ్లు చూసింది భద్రత వైపు కాదు, కొత్త వస్తువులూ కొత్త కంపెనీలూ ఎలా పుడతాయన్న వైపు. భద్రత కోసం ఈ తాడు పేనినవాళ్లు ఆ పేరు పుట్టకముందే ఉన్నారు.

ఫిన్లాండ్‌నే తీసుకుందాం. రష్యాతో 1,300 కిలోమీటర్లకి పైగా సరిహద్దు ఉన్న చిన్న దేశం. అక్కడ 1961 నుంచి దేశ రక్షణ కోర్సులు నడుస్తున్నాయి. సైనికాధికారి, బ్యాంకు పెద్ద, పత్రికా సంపాదకుడు, ప్రొఫెసర్, ఎంపీ కొన్ని వారాలపాటు ఒకే తరగతిలో కూర్చుంటారు. మందుల కంపెనీలు, ఇంధనం దిగుమతి చేసేవాళ్లు కొంత నిల్వ ఎప్పుడూ ఉంచాలని చట్టం. ధాన్యం నెలల తరబడి సరిపడా దాస్తారు. ఈ పనులన్నీ చూసేందుకు 1993 నుంచి ప్రత్యేక సంస్థ ఉంది. వింటే ధనిక దేశపు ముచ్చటలా ఉంటుంది గానీ, ఫిన్లాండ్ జనాభా 56 లక్షలు. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జనాభా కలిపితే 2011 లెక్కల్లోనే 50 లక్షలు. డబ్బులో పోలిక లేదు, నిజమే. అయితే ఆ కోర్సులో అన్నిటికంటే విలువైనది నాకు సిలబస్ అనిపించదు. ఆపద రోజున ఫోన్ చేయాల్సిన మనిషి ఎవరో ముందే తెలిసి ఉండటం, ఆయనతో అంతకుముందు కలిసి భోజనం చేసి ఉండటం. దానికి పెద్ద ఖర్చేం లేదు.

మన చట్టం ఏం చెబుతుంది? 2005 నాటి విపత్తుల నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకీ ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉండాలి. కలెక్టర్ అధ్యక్షులు. స్థానిక సంస్థల నుంచి ఎన్నికైన ప్రతినిధి, అంటే మామూలుగా జిల్లా పరిషత్ ఛైర్మన్, సహాధ్యక్షులు. ఎస్పీ, జిల్లా వైద్యాధికారి, సంస్థ కార్యనిర్వహణాధికారి, ఇంకో ఇద్దరికి మించకుండా జిల్లా స్థాయి అధికారులు సభ్యులు. చదవడం ఆపి ఒక్కసారి లెక్కపెట్టండి. ఆ బల్ల చుట్టూ ఒక్క ప్రిన్సిపాల్ లేడు, ఒక్క వ్యాపారి లేడు. సలహా సంఘాలు వేసుకోవచ్చని ఇంకో సెక్షన్‌లో ఉంది, అయితే అది అవసరమనుకుంటేనే.

అదే చట్టంలో 65వ సెక్షన్ చూడండి. అవసరమైతే ఎవరి వాహనాన్నయినా, ఎవరి భవనాన్నయినా స్వాధీనం చేసుకుని వాడుకునే అధికారం ఉంది. 66 ప్రకారం పరిహారం ఇవ్వాలి. ఆపదలో ఈ అధికారం ఉండాల్సిందే, నేను తప్పుపట్టను. కానీ ఆ సభ్యుల జాబితానీ ఈ అధికారాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే ప్రభుత్వం చూపు అర్థమవుతుంది. దాని కంటికి బడి అంటే తుపాను షెల్టర్, వ్యాపారి అంటే లారీ. బడిలో ఉన్న చదువునీ వ్యాపారి బుర్రలో ఉన్న సరుకు లెక్కనీ అడిగే ఏర్పాటు లేదు. అటువైపు చూపూ ఇంతే లెండి. కాలేజీకి ప్రభుత్వమంటే ఫీజు రీయింబర్స్‌మెంట్, వ్యాపారికి ప్రభుత్వమంటే సంతకం.

ఈ మూడు చూపులూ కలవకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఉద్దానం కిడ్నీ రోగుల దగ్గరికి వెళ్లాలి.

ఒక్క డయాలసిస్ నాలుగు గంటలు పడుతుంది. నిమిషానికి సుమారు అర లీటరు చొప్పున, ఒక మనిషికి ఒక్కసారికి 120 లీటర్ల అతి శుద్ధమైన నీళ్లు యంత్రంలోంచి పోవాలి. ఆ నీళ్లు తయారయ్యేటప్పుడు ఆర్వో ప్లాంటు వదిలేసే నీటిని కూడా కలిపితే కావాల్సింది ఇంకా చాలా ఎక్కువ. వారానికి రెండు మూడుసార్లు ఇలా జరగాలి. రెండు సార్లు తప్పిపోతే ఒంట్లో నీరు చేరుతుంది, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగే ప్రమాదం ఉంటుంది. అంటే పలాసలోనో సోంపేటలోనో డయాలసిస్ చేయించుకునే మనిషికి కరెంటు, నీళ్లు, రోడ్డు ఈ మూడిట్లో ఏ ఒక్కటి నాలుగైదు రోజులు లేకపోయినా ప్రాణం మీదికొస్తుంది. మిగతా ఊరికి తుపాను ఇబ్బంది. ఆ ఇంటికి మాత్రం గడియారం.

ఇంకో సంగతి ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. తుపానుకి కొబ్బరి చెట్లు కూలిపోతే నేల నిండా బొండాలే. తాగడానికి మంచినీళ్లు దొరకనప్పుడు చేతికందేది అదే, ఉచితం కూడా. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అమృతం. డయాలసిస్ రోగికి మాత్రం కొబ్బరినీళ్లలో ఉండే పొటాషియమే ప్రమాదం, అందులోనూ డయాలసిస్ ఆగిపోయిన రోజుల్లో. ఈ ఒక్క వాక్యం ఊరూరా చేరడానికి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి అక్కర్లేదు. నర్సింగ్ కాలేజీ పిల్లలు చాలు. బొండాలమ్మే వ్యాపారి చెప్పినా చాలు.

ఉద్దానానికి ఎవరూ రాలేదని కాదు. పరిశోధకులు వచ్చారు, రక్తం తీసుకున్నారు, బావి నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ ఒక్క మాటలో తేలలేదు. ప్రభుత్వం డయాలసిస్ కేంద్రాలు పెట్టింది. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం కూడా అప్పుడే మొదలైంది. వ్యాపారం తన దారిన తాను క్యాన్ల నీళ్లు అమ్మింది. ఎవరి పని వాళ్లు చేశారు. నిలదొక్కుకునే శక్తి లెక్కలో చూస్తే మాత్రం ఒక చిక్కుంది. ఊరి బావి నీళ్లు తాగినన్నాళ్లూ నీటి నాణ్యత ప్రశ్నార్థకం, కానీ చేద ఉంటే నీళ్లొచ్చేవి. పైపు నీళ్లు మంచివి, కానీ ఎక్కడో ఉన్న పంపు తిరగాలి, దానికి కరెంటుండాలి. ఒక ప్రమాదాన్ని తగ్గించే ప్రతి ఏర్పాటూ ఇంకో చోట చిన్న ప్రమాదాన్ని తెచ్చిపెడుతుంది. అది తప్పు కాదు. ఆ రెండోదాన్ని ఎవరో ఒకరు కాగితం మీద పెట్టి చూడాలి, అంతే. ఆ పనికే చదువు కావాలి.

ఇక సముద్రం. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. అంత తీరం పెట్టుకుని మన మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కి వలస పోయి, అక్కడి యజమానుల పడవల మీద కూలికి వేటకెళ్తారు. 2018 నవంబర్‌లో అలా వెళ్లిన మనవాళ్లని పాకిస్తాన్ పట్టుకుంది. పద్నాలుగు నెలల తర్వాత, 2020 జనవరిలో, ఇరవై మంది వాఘా దగ్గర దేశంలోకి అడుగుపెట్టారు. టీవీల్లో అది విదేశాంగ వార్త. మత్స్యకారుల ఊరు మత్స్యలేశంలో అది జెట్టీ లేని వార్త. పెద్ద పడవలు ఆగే హార్బర్, చేప దాచుకునే ఐసు, కొనే వ్యాపారి, ఈ మూడూ ఇంటి దగ్గరే ఉంటే వాళ్లలో ఎంతమంది అరేబియా సముద్రం దాకా పోయేవారు?

దీన్ని తీర రక్షణ వైపు నుంచి కూడా చూడాలి. 2008లో ముంబై మీద దాడి చేసినవాళ్లు మన చేపల పడవనే హైజాక్ చేసి వాడుకున్నారు. ఆ తర్వాతే మెరైన్ పోలీస్ స్టేషన్లు పెరిగాయి, మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులు, పడవలకు రంగులు వచ్చాయి. తీరంలో కొత్త పడవ కనబడితే మొదట పసిగట్టేది వేటకెళ్లిన మనిషే అని రక్షణ శాఖ వాళ్లే చెబుతుంటారు. ఆ మనిషి ఏడాదిలో సగానికిపైగా వేరావల్‌లో ఉంటే ఇక్కడి తీరానికి కాపలా కాసే కన్ను తగ్గినట్టే. ఉపాధి లెక్కా భద్రత లెక్కా ఇక్కడ ఒకే ఖాతాలో పడతాయి.

ఇస్రో తయారుచేసిన సాంకేతికతతో లక్ష పడవలకి ట్రాన్స్‌పాండర్లు ఉచితంగా బిగించే పథకాన్ని కేంద్రం 2024 ఆగస్టులో ప్రారంభించింది. సెల్ సిగ్నల్ లేని చోట కూడా తుపాను హెచ్చరిక అందుతుంది, సరిహద్దు దగ్గరపడితే తెలుస్తుంది, ఆపదలో ఉంటే ఒడ్డుకి కబురు పంపొచ్చు. మంచి పని, ఇందులో సందేహం లేదు. కానీ ఉప్పుగాలికి ఆ పెట్టె పాడైతే భావనపాడులో ఎవరు బాగుచేస్తారు? పాలిటెక్నిక్ కుర్రాడికి అది నేర్పి, రేవు దగ్గర చిన్న షాపు పెట్టించే మాట ఎవరి ఫైల్లో ఉంది? పథకాలు ఆగిపోయేది ఎప్పుడూ ఇలాంటి చోటే. వస్తువు ఢిల్లీ నుంచి వస్తుంది, మరమ్మతు ఊళ్లో జరగాలి.

చదువుకి, ఉద్యోగానికి మధ్య ఖాళీ ఉంటే అందులోకి ఎవరొస్తారన్నది 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి ఏజెంట్లు మన కుర్రాళ్లని కంబోడియాకి పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, కొట్టి, ఫోన్లలో మన దేశంవాళ్లనే మోసం చేసే పని చేయించారు. అక్కడ చిక్కుకున్న భారతీయుల్ని వందల్లో వెనక్కి తేవాల్సి వచ్చింది. ఒక్కసారి ఆలోచించండి. మన కాలేజీలు ఇచ్చిన ఇంగ్లిషు, కంప్యూటర్ చదువు మన ఇళ్లలోని ముసలివాళ్ల బ్యాంకు ఖాతాల మీద ఆయుధమైంది. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటుకి 1983 వలస చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, అది ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. డిగ్రీ చివరి ఏడాది పిల్లలకి ఈ ఒక్క విషయం అరగంట చెప్పే ప్లేస్‌మెంట్ సెల్ ఎన్ని కాలేజీల్లో ఉంది? సైబర్ భద్రత అంటే పెద్ద పెద్ద సర్వర్ల ముచ్చట అనుకుంటాం. మన దగ్గర అది పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని ట్రావెల్స్ ఆఫీసు బెంచీ మీద కూర్చున్న కుర్రాడి ముచ్చట.

పరిశ్రమల వైపు చూస్తే, దేశానికి అవసరమైన సరుకు మన దగ్గర తక్కువేం లేదు. పైడిభీమవరంలో బల్క్ డ్రగ్, అంటే మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలున్నాయి. మన దేశం దిగుమతి చేసుకునే మందుల ముడిసరుకులో మూడింట రెండు వంతులు చైనా నుంచే వస్తుందంటే ఆ ఫ్యాక్టరీల విలువ తెలుస్తుంది. వాటి పక్కన బతికేవాళ్లకి ఆ వాసన విలువ కూడా తెలుసు, అది వేరే సంగతి. గరివిడి, బొబ్బిలి వైపు ఉక్కుకి కావాల్సిన ఫెర్రో అల్లాయ్స్ ఉన్నాయి. కళింగపట్నం, భావనపాడు వైపు బీచ్ ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో థోరియం, అరుదైన మూలకాలు ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన మూలకాల, వాటితో చేసే అయస్కాంతాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టగానే మన కార్ల కంపెనీలకు టెన్షన్ పట్టుకుంది. క్షిపణులకీ అవి కావాలి. విశాఖలో కేంద్ర సంస్థ ఐఆర్‌ఈఎల్ పెట్టిన అయస్కాంతాల ప్లాంటు 2023లో మొదలైంది. ఇసుక ఇక్కడ, అయస్కాంతం అక్కడ, మధ్య దారిలో విజయనగరం జేఎన్‌టీయూలో మెటలర్జీ శాఖ. మ్యాపు మీద ఇంత దగ్గరగా ఉన్న మూడింటికి నేరుగా దారి వేయాలన్న కోరిక ఎవరికీ బలంగా కలిగినట్టు లేదు. మన పిల్లలు మాత్రం కంప్యూటర్ సైన్స్ చదివి బెంగళూరు రైలెక్కుతున్నారు.

ఇక్కడ ఆగి ఎదుటి వాదన కూడా వినాలి. ప్రభుత్వం, వ్యాపారం గట్టిగా కలిసిన సందర్భాలు మన జిల్లాలో ఉన్నాయి, వాటి జ్ఞాపకం మంచిది కాదు. సోంపేట బీల భూముల్లో, అంటే చిత్తడి నేలల్లో, థర్మల్ విద్యుత్ కేంద్రం కడతామన్నప్పుడు కాగితాల్లో అది పనికిరాని భూమి. అక్కడి రైతుకి, జాలరికి అది నీళ్లు దాచే కడుపు, వాన నీరు విశ్రాంతి తీసుకునే చోటు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతి రద్దు చేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగాయి. కరెంటు దేశానికి అవసరమే, ఆ మాట ఎవరూ కాదనరు. కానీ ఆ తాడులో మూడో పాయ, అంటే ఆ నేలని నిజంగా చదివిన చదువు, మొదటి నుంచీ లేదు. ఉంటే తడి నేలని బంజరని రాసేవాళ్లు కాదు. రణస్థలం మండలం కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం మాట ఏళ్లుగా నడుస్తోంది. దేశ భద్రత అనే మాట ప్రశ్నలు ఆపడానికి వాడితే అక్కడా ఇదే కథ. అందుకే ఈ మూడింటి కలయికలో విశ్వవిద్యాలయం మిగతా రెండింటికీ ‘కాదు’ అని చెప్పగలిగేంత స్వతంత్రంగా ఉండాలి. ప్రాజెక్టు నిధుల కోసం తలూపే కాలేజీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. సైన్యానికి అధికారుల్ని తయారుచేసే కోరుకొండ సైనిక్ పాఠశాల 1962 నుంచి విజయనగరం పక్కనే ఉంది. దాని గౌరవం దానిది. అలాంటి పది బడులు పెట్టినా, బీల నేల గురించి నిజం చెప్పగల ఒక్క భూగర్భ శాస్త్రం మాస్టారి లోటు తీరదు.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి? నా దృష్టిలో కొత్త కమిటీ అక్కర్లేదు. ఇప్పటికే జరుగుతున్న రెండు పనుల దారి మారిస్తే చాలు.

ఒకటి ఎన్ఎస్ఎస్ క్యాంపు. కాలేజీ పిల్లలు ఏడు రోజులు ఒక ఊళ్లో ఉంటారు. రోడ్లు ఊడుస్తారు, బడి గోడకి సున్నం వేస్తారు, మొక్కలు నాటి ఫొటో దిగుతారు. ఆ ఏడు రోజుల్లో ఒక లెక్క రాయొచ్చు. ఊళ్లో జనరేటర్లు ఎన్ని, ఎవరివి, ఎంత సామర్థ్యం. కరెంటు లేకుండా నీళ్లిచ్చే చేతిపంపులు ఎన్ని పనిచేస్తున్నాయి. డయాలసిస్ రోగులు, నెలలు నిండిన గర్భిణులు ఎక్కడున్నారు. చెట్లు కోసే రంపం మిషన్ ఎవరికుంది, ట్రాక్టర్ ఎవరికుంది. కిరాణా కొట్టులో మామూలు రోజున ఎన్ని రోజుల బియ్యం ఉంటుంది. ఇదంతా గోప్యంగా దాచాల్సిన సమాచారం కాదు, రోగుల పేర్లు తప్ప. ఆ పేర్లు ఆశా కార్యకర్త దగ్గర ఉంటే చాలు. మిగతాది గ్రామ సచివాలయం గోడకి అంటించాలి.

రెండోది సీఎస్ఆర్ డబ్బు. చట్టం వర్తించే కంపెనీలు లాభాల్లో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలన్న నియమం 2013 కంపెనీల చట్టం నుంచి ఉంది. విపత్తు నిర్వహణ కూడా ఆ జాబితాలో 2019లో చేరింది. ఆ డబ్బుతో బెంచీలు, శిలాఫలకాలు చాలానే చూశాం. డయాలసిస్ కేంద్రానికి రెండో జనరేటర్, వారానికి సరిపడా డీజిల్ నిల్వ, ఏటా ఒకసారి దాన్ని తీసి ఆడించి చూసే మెకానిక్ జీతం దీంతోనే ఇవ్వొచ్చు. ఫలకం మీద కంపెనీ పేరు పెద్దక్షరాల్లో రాసుకున్నా అభ్యంతరం లేదు.

తర్వాత సెప్టెంబర్‌లో, అంటే అక్టోబర్ తుపాన్లకి ముందు, ఒక ఆదివారం పొద్దున్న పలాస మండలంలో ఆరు గంటలు కావాలనే కరెంటు తీసేయాలి. ముందే చెప్పి, ఆస్పత్రిలో అన్ని జాగ్రత్తలూ తీసుకునే తీయాలి. టెంట్ హౌస్ ఆయనకి ఎవరు ఫోన్ చేశారు, ఆయన రేటెంత అన్నాడు, బంకు యజమాని పంపు ఆడించడానికి ఏం ఏర్పాటు చేసుకున్నాడు, జీడిపప్పు ఫ్యాక్టరీల్లో ఖాళీగా ఉన్న జనరేటర్ ఎంత దూరం లాగొచ్చు, ఇవన్నీ కుర్రాళ్లు పుస్తకంలో రాసుకోవాలి. గోడ మీద రాసిన ఫోన్ నంబర్లన్నీ ఆ రోజు ఒక్కోటీ మోగించి చూడాలి. కలవనివి కొట్టేసి, పక్కన కొత్తవి రాయాలి.